కామా ఒకటే, అర్థాలు మూడు: సంఖ్యలను తెరమీద చూపించే మాస్కుల తీరు

2023 ఆగస్టులో హైదరాబాద్ శివార్లలోని కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లోని స్థలాలను హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వేలం వేసినప్పుడు ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఆ రూపంలో చదివినవారెవరికీ అది ఎంతన్న సందేహం రాదు. అదే ధర కంప్యూటర్ మెమరీలో మాత్రం 1007500000 అని, ఎక్కడా ఆగి చూసుకునే చోటు లేని పది అంకెల వరుసగా ఉంటుంది. అది వంద కోట్లా, పది కోట్లా అని తేల్చుకోవాలంటే ఎంతటివారైనా కుడివైపు నుంచి ‘ఒకట్లు, పదులు, వందలు, వేలు’ అంటూ వేలు పెట్టి లెక్కపెట్టుకోవాల్సిందే. ఆ శ్రమ చదివేవారి మీద పడకుండా ప్రోగ్రామర్లు వాడే సాధనం పేరు మాస్క్.

మాస్క్ అంటే సంఖ్య తెరమీదో కాగితం మీదో ఏ ఆకారంలో కనపడాలో చెప్పే గుర్తుల నమూనా. జంతికల గొట్టంలో ఏ బిళ్ల వేస్తే పిండి ఆ ఆకారంలో దిగుతుంది, పిండి మాత్రం మారదు. మాస్క్ కూడా లోపలి విలువను ముట్టుకోదు, బయటకు వచ్చే రూపాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. చూడటానికి ఇంత చిన్న విషయమే అయినా, ఒకే మాస్క్‌ను వేర్వేరు ప్రోగ్రామింగ్ భాషలు వేర్వేరుగా అర్థం చేసుకుంటాయి. ఆ తేడా అమెరికా పద్ధతిలో మూడేసి అంకెలకు కామా పెట్టేవారికి చాలావరకు కంటపడదు. లక్షలు, కోట్లలో లెక్కలు రాసే మనకే అది ముందుగా ఎదురవుతుంది. అందుకే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో బిల్లులు, రసీదులు, స్టేట్‌మెంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ రాసేవారు ఈ సంగతిని మిగతావారికంటే లోతుగా తెలుసుకోవలసి ఉంటుంది.

మాస్క్ అన్న ఆలోచన కొత్తది కాదు. 1959లో రూపకల్పన మొదలై 1960లో మొదటి నిర్వచనం వెలువడిన కోబాల్ భాషలోనే దీనికి పూర్తి స్థాయి ఏర్పాటు ఉంది. దాన్ని అక్కడ పిక్చర్ అంటారు. అందులో 9 అన్న గుర్తు ఉన్నచోట ఒక అంకె తప్పనిసరిగా అచ్చవుతుంది. జెడ్ అన్న అక్షరం ఉన్నచోట, ఎడమవైపు వచ్చే అనవసరపు సున్నకు బదులు ఖాళీ వస్తుంది. నక్షత్రం గుర్తు పెడితే ఆ ఖాళీలన్నీ నక్షత్రాలతో నిండుతాయి. చెక్కులు అచ్చువేసేటప్పుడు ఈ మూడోది ప్రాణాధారమైన ఏర్పాటు, ఎందుకంటే మొత్తానికి ఎడమవైపు ఖాళీ మిగిలితే అక్కడ ఎవరైనా ఒక అంకె చేర్చగలరు, నక్షత్రాలు ఉంటే చేర్చలేరు. చేత్తో చెక్కు రాసేటప్పుడు మొత్తం చివర ఒక గీత, మాటల్లో రాసినచోట ‘మాత్రమే’ అన్న పదం పెట్టే అలవాటుకూ, ఆ నక్షత్రాలకూ ప్రయోజనం ఒకటే.

తరువాతి భాషల్లో ఈ పాత్రలను ప్రధానంగా రెండు గుర్తులు తీసుకున్నాయి. మాస్క్‌లో 0 అంటే ఆ స్థానంలో అంకె ఉన్నా లేకపోయినా ఏదో ఒకటి కనపడి తీరాలని అర్థం. # అంటే అంకె ఉంటేనే చూపించు, లేకపోతే ఆ చోటే లేనట్టు ఊరుకో అని అర్థం. అర్ధ రూపాయిని #.00 అన్న మాస్క్‌తో చూపిస్తే జావా, డాట్‌నెట్, ఎక్సెల్ మూడూ .50 అనే రాస్తాయి. నాసిరకం ప్రింటర్ మీద ఆ చుక్క సరిగ్గా పడకపోతే యాభై పైసలు యాభై రూపాయలుగా చదివే ప్రమాదం ఉంది. 0.00 అని రాస్తే 0.50 వస్తుంది. డబ్బు చూపించే ఏ మాస్క్‌లోనైనా దశాంశ బిందువుకు ఎడమ పక్కన కనీసం ఒక 0 ఉండాలన్న నియమం ఇక్కడి నుంచే వచ్చింది.

ఇంతకంటే లోతైన చిక్కు అసలు సున్నతోనే ఉంది. #,### అన్న మాస్క్‌కు సున్న ఇస్తే ఎక్సెల్ గడిని ఖాళీగా వదిలేస్తుంది, డాట్‌నెట్ ఒక్క అక్షరమూ లేని ఖాళీ ఫలితాన్ని తిరిగి ఇస్తుంది, జావా మాత్రం 0 అని చూపిస్తుంది. ఖాతా పుస్తకంలో ఖాళీ గడికీ సున్నకూ చాలా దూరం ఉంది: సున్న అంటే లెక్క చూశాం, బాకీ లేదు అని, ఖాళీ అంటే ఇంకా లెక్క చూడలేదు, లేదా సమాచారం రాలేదు అని. బకాయిలు చూపించే నివేదికలో ఈ రెండూ ఒకేలా కనపడితే చదివేవారు తప్పు నిర్ణయం తీసుకుంటారు, ఆ తప్పుకు కారణం మాస్క్‌లో ఒక # ఉండటమేనన్నది ఎవరికీ తట్టదు.

ఇక అసలు విషయం కామా. మాస్క్‌లో కామా పెడితే దానికి మూడు రకాల అర్థాలు ఉండవచ్చు. కొన్ని భాషల్లో కామా ఒక స్థానం: సరిగ్గా ఇక్కడే కామా అచ్చువేయి అని. మరికొన్నిటిలో అది ఒక ఆదేశం: అంకెలను గుంపులుగా విడగొట్టు, ఎంతెంత గుంపులో వేరేచోట చూసుకో అని. ఇంకొన్నిటిలో అది ఒక కొలత: చివరి కామా నుంచి ఎన్ని అంకెలు ఉన్నాయో లెక్కపెట్టి, అదే దూరాన్ని ఎడమవైపు కొనసాగించు అని. మూడేసి అంకెల పద్ధతిలో ఈ మూడూ దాదాపు ఒకే ఫలితాన్ని ఇస్తాయి కాబట్టి తేడా దాగిపోతుంది. మన పద్ధతిలో మొదటి గుంపు మూడు అంకెలు, ఆ తరువాతివన్నీ రెండేసి. వెయ్యి, లక్ష, కోటి అన్న పేర్లు ఆ దూరాల్లోనే ఉన్నాయి. కోకాపేట సంఖ్యను ఒక్కొక్క భాషలోకి పంపి చూస్తే మూడు అర్థాలూ బయటపడతాయి.

కామా స్థానంగా ఉండే కోబాల్‌లో లక్షల పద్ధతి తెచ్చుకోవడం చాలా తేలిక. రెండు జెడ్‌లు, కామా, మళ్లీ రెండు జెడ్‌లు, కామా, ఇలా మూడుసార్లు రాసి చివర రెండు జెడ్‌లు, ఒక 9 పెడితే చాలు. 1234567 ఇస్తే 12,34,567 అని వస్తుంది. ఎడమవైపు అవసరం లేని కామాలు వాటంతటవే ఖాళీలైపోతాయి. అయితే అలా రాసిన మాస్క్‌లో ఉన్నవి తొమ్మిది అంకెల చోట్లు మాత్రమే, కోకాపేట ధరకు పది కావాలి. కోబాల్ ఆ విలువను ఈ మాస్క్ ఉన్న గడిలోకి తరలించేటప్పుడు ఎడమవైపు పట్టని అంకెను చప్పుడు లేకుండా వదిలేస్తుంది. మిగిలిన 007500000లో ముందున్న సున్నలు కూడా ఖాళీలవుతాయి. చివరికి కాగితం మీద పడేది ఇది:

75,00,000

వంద కోట్ల డెబ్భై ఐదు లక్షలు డెబ్భై ఐదు లక్షలుగా మారింది. చూపుకు ఎక్కడా తేడా లేదు, కామాలన్నీ సరైన చోటే ఉన్నాయి, సంఖ్య నమ్మదగినదిగానే ఉంది. తప్పు తప్పులా కనపడకపోవడమే ఇక్కడి ప్రమాదం.

ఒరాకిల్ డేటాబేస్‌లో సంఖ్యను అక్షరరూపంలోకి మార్చే టు_చార్ కూడా కామాను స్థానంగానే చూస్తుంది. 99,99,99,999 అన్న మాస్క్ అక్కడ లక్షల పద్ధతిని చక్కగా పాటిస్తుంది. చోటు చాలకపోతే మాత్రం అది అంకె కోయదు, ఆ గడి నిండా # గుర్తులు నింపేస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ కూడా అంతే, అంకెల స్థానాల్లో # గుర్తులు పెడుతుంది. వాడుకరికి చిరాకు కలిగించినా ఇదే మేలైన పద్ధతి. చోటు చాలలేదని నిజం చెప్పే గుర్తులు, అబద్ధం చెప్పే అంకెలకంటే ఎన్నో రెట్లు నయం. ఈ రకం మాస్కులు రాసేవారు ఇప్పటి విలువలకు సరిపోయేంత కాకుండా, ఇంకో మూడు నాలుగు స్థానాలు ఎక్కువే ఉంచాలి. హైదరాబాద్ చుట్టుపక్కల భూముల ధరలు ఇరవై ఏళ్ల కిందట రాసిన మాస్కుల్లో పడతాయని అనుకోవడానికి లేదు.

కామా ఆదేశంగా ఉండే భాషల్లో డాట్‌నెట్ ప్రధానమైనది. అక్కడ #,##0.00 అని రాసినా, మధ్యలో ఇంకో రెండు కామాలు చేర్చినా ఫలితం ఒకటే. ఏ గుంపులో ఎన్ని అంకెలన్నది మాస్క్‌లో లేదు, కల్చర్ అని పిలిచే ప్రాంతీయ అమరికలో ఉంది. భారతీయ ఇంగ్లిష్, తెలుగు, హిందీ కల్చర్లలో ఆ అమరిక ‘మూడు, ఆపై రెండేసి’ అని ఉంటుంది కాబట్టి 1,00,75,00,000.00 వస్తుంది. అమెరికన్ కల్చర్‌లో అదే మాస్క్ 1,007,500,000.00 అని ఇస్తుంది. గచ్చిబౌలిలో భారతదేశం అమరిక ఉన్న లాప్‌టాప్ మీద పరీక్షించినప్పుడు అన్నీ సరిగ్గా కనపడి, అమెరికా అమరికతో నడిచే క్లౌడ్ సర్వర్ మీదకు ఎక్కించాక మిలియన్లు ప్రత్యక్షమవడానికి కారణం ఇదే. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు కాబట్టి లోపం ఎక్కడుందో వెతికేవారు కోడ్‌లోనే తిరుగుతూ ఉంటారు. కల్చర్‌ను యంత్రానికి వదిలేయకుండా ఫార్మాట్ చేసేచోటే పేరు పెట్టి చెప్పడం దీనికి మందు. డెల్ఫీ భాషలోని ఫార్మాట్‌ఫ్లోట్ కూడా కామాను ఆదేశంగానే తీసుకుంటుంది గానీ, ఆ ఆదేశానికి అక్కడ మూడేసి అంకెలు అన్న ఒక్క అర్థమే ఉంది. పైథాన్ ఫార్మాట్ గుర్తుల్లోని కామా కూడా అంతే. లక్షల పద్ధతి కావాలంటే అక్కడ లొకేల్, అంటే భాషా ప్రాంతాల అమరిక, దారి పట్టాలి.

కామా కొలతగా ఉండే జావా సంగతి అన్నిటికంటే ఎక్కువ మందిని తికమకపెడుతుంది. జావా ప్రామాణిక లైబ్రరీలోని డెసిమల్‌ఫార్మాట్ అనే తరగతికి (క్లాస్‌కు) ఈ మాస్క్ ఇచ్చామనుకుందాం:

#,##,##0.00

చూడగానే ఇది లక్షల పద్ధతి అనిపిస్తుంది. జావా మాత్రం చివరి కామా నుంచి పూర్ణాంకం చివరి దాకా ఉన్న దూరాన్ని, అంటే మూడు అంకెలను మాత్రమే కొలుచుకుని, దానికి ముందున్న కామాలను పట్టించుకోదు. కోకాపేట ధర 1,007,500,000.00 అని వస్తుంది. హెచ్చరిక ఏదీ రాదు. లొకేల్‌ను భారతదేశంగా ఇచ్చినా ఫలితం మారదు, ఎందుకంటే రెండో గుంపుకు వేరే కొలత ఉంచుకునే చోటే ఆ తరగతిలో లేదు. ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలు నిర్ణయించే యూనికోడ్ వారి ఐసీయూ లైబ్రరీలో అదే పేరుతో ఉన్న తరగతికి ఆ చోటు ఉంది. అది చివరి రెండు గుంపుల దూరాలను విడివిడిగా కొలిచి, కుడివైపు మూడు, ఆపై అన్నీ రెండేసి అని సరిగ్గా గ్రహిస్తుంది. ఆండ్రాయిడ్‌లోని డెసిమల్‌ఫార్మాట్ బయటకు జావా పేరుతోనే కనపడినా లోపల ఐసీయూ మీద నడుస్తుంది.

దీని పర్యవసానం ఒక రసీదులో చూడవచ్చు. ఒక సంస్థ జావాలో ఒకే మాస్క్ రాసి, దాన్ని మొబైల్ యాప్‌లోనూ, సర్వర్‌లో పీడీఎఫ్ తయారుచేసే భాగంలోనూ వాడిందనుకుందాం. ఫ్లాట్‌కు 85,50,000 రూపాయలు కట్టినవారికి ఫోన్‌లో 85,50,000.00 కనపడుతుంది, ఈమెయిల్‌లో వచ్చిన రసీదులో 8,550,000.00 ఉంటుంది. రెండూ ఒకే మొత్తం. కానీ జీవితకాలపు పొదుపు పెట్టి ఇల్లు కొన్న మనిషి ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని, ఎనిమిదితో మొదలయ్యే రెండో సంఖ్య ఎనిమిది లక్షలేమోనని ఒక్క క్షణమైనా కలవరపడతారు. కామా అనేది అలంకారం కాదనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. మన కన్ను అంకెలను చదవదు, కామాల మధ్య దూరాలను చదువుతుంది.

ఎక్సెల్‌లో ఆదేశం, స్థానం అన్న రెండు అర్థాలూ కలిసి ఉంటాయి. మామూలు కామా ఆదేశం. విండోస్ ప్రాంతీయ అమరికల్లో అంకెల గుంపును 12,34,56,789 అని ఎంచుకుంటే ఎక్సెల్ కూడా లక్షల్లో చూపిస్తుంది, అదే ఫైల్‌ను అమెరికా అమరిక ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే మిలియన్లలో చూపిస్తుంది. ఎక్కడ తెరిచినా లక్షలే కావాలనుకునేవారు కామా ముందు వెనుకగీత (\) పెట్టి దాన్ని స్థానంగా మార్చేస్తారు, అప్పుడు షరతులతో కూడిన పొడవాటి మాస్క్ అవసరమవుతుంది:

[>=10000000]##\,##\,##\,##0.00;[>=100000]##\,##\,##0.00;##,##0.00

కోటి దాటితే మొదటిది, లక్ష దాటితే రెండోది, మిగతావాటికి మూడోది. అకౌంట్స్ విభాగాల్లో చేతులు మారుతూ వచ్చిన ఈ మాస్క్‌కు రెండు లోపాలు ఉన్నాయి. షరతులు రెండే పెట్టుకోగలం కాబట్టి మైనస్ గుర్తుండే రుణ సంఖ్యలన్నీ మూడో భాగంలో పడి మళ్లీ మిలియన్ల రూపంలోకి వెళ్లిపోతాయి. లాభం లక్షల్లో, నష్టం మిలియన్లలో కనపడే పట్టిక అలా తయారవుతుంది. రెండోది, వంద కోట్లు దాటిన సంఖ్యలో మిగిలిన అంకెలన్నీ ఎడమ చివరి గుంపులో చేరతాయి. కోకాపేట ధర అక్కడ 100,75,00,000.00 అవుతుంది. ఇది లోపమా కాదా అన్నది నిజానికి ఆలోచించదగ్గ ప్రశ్న, దాని దగ్గరకు చివర్లో మళ్లీ రావాలి.

దశాంశాల తగ్గింపు మరో పెద్ద వ్యవహారం. మాస్క్‌లో బిందువు తరువాత రెండే స్థానాలు ఉంటే మూడో అంకెను ఏం చేయాలన్నది మాస్క్ చెప్పదు, భాష చెబుతుంది. బేగంబజార్‌లో ఒక దుకాణం బిల్లు తీసుకుంటే, 62.50 రూపాయల వస్తువు మీద కేంద్ర జీఎస్టీ 9 శాతం, రాష్ట్ర జీఎస్టీ 9 శాతం అనుకుందాం. ఒక్కొక్కటి 5.625 రూపాయలు, రెండూ కలిపి 11.25, మొత్తం 73.75. ఇప్పుడు 5.625ను రెండు స్థానాలకు తగ్గించాలి. జావా డెసిమల్‌ఫార్మాట్ సరిగ్గా సగం దగ్గర ఆగిన విలువను సరి అంకె వైపు తిప్పుతుంది కాబట్టి 5.62 అంటుంది. ఎక్సెల్, జావాస్క్రిప్ట్‌లోని నంబర్‌ఫార్మాట్ పైకి జరుపుతాయి కాబట్టి 5.63 అంటాయి. కోబాల్‌లో మామూలు తరలింపు అసలు సవరించదు, మూడో అంకెను కోసేస్తుంది, అక్కడా 5.62 వస్తుంది గానీ, 5.629 ఉన్నా 5.62 అనే వస్తుంది. బిల్లు మీద పన్ను రెండు వరుసల్లో కనపడే అంకెలను కూడితే జావాలో మొత్తం 73.74, ఎక్సెల్‌లో 73.76, అడుగున ఉన్న అసలు మొత్తం 73.75. పైసా తేడాయే కావచ్చు, కానీ చేత్తో కూడి చూసే కొనుగోలుదారు ముందు ఆ బిల్లు తప్పే. సవరణ అనేది లెక్కలో భాగంగా ముందే జరగాలి, ఏ వరుస దగ్గర జరగాలో వ్యాపార నియమం చెప్పాలి. మాస్క్ దగ్గరకు వచ్చేసరికి తగ్గించడానికి ఏమీ మిగలకూడదు. 1.005 లాంటి విలువలైతే కంప్యూటర్ వాడే ద్విసంఖ్యా (0, 1ల) రూపంలో అసలు కచ్చితంగా నిలవవు, లోపల 1.00499తో మొదలయ్యే విలువ ఉంటుంది కాబట్టి జావాస్క్రిప్ట్‌లోని టుఫిక్స్‌డ్‌తో రెండు స్థానాలకు కుదిస్తే 1.00 వస్తుంది. డబ్బును పైసల్లో పూర్ణాంకంగానో, దశాంశ రకంగానో దాచుకోవాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

సంక్షిప్త రూపాల్లో ఈ సవరణ మరీ పెద్దదవుతుంది. జావాస్క్రిప్ట్ నంబర్‌ఫార్మాట్‌ను భారతీయ లొకేల్‌తో, సంక్షిప్త పద్ధతిలో, వేరే సూచనలేవీ లేకుండా అడిగితే కోకాపేట ధరను 101 కోట్లుగా చూపిస్తుంది. 100.75 దగ్గరి పూర్ణాంకానికి సవరించబడింది. ఆ తేడా పాతిక లక్షలు. గ్రాఫ్ పక్కన గుర్తుగా వేయడానికి అది సరిపోతుంది, ధర అని చెప్పి రాయడానికి పనికిరాదు. దశాంశ స్థానాలెన్నో విడిగా చెప్పి తీరాలి.

శాతం గుర్తుకు కూడా ఆదేశ స్వభావం ఉంది. మాస్క్‌లో % పెడితే జావా, డాట్‌నెట్, ఎక్సెల్ మూడూ విలువను ముందు వందతో హెచ్చిస్తాయి. డేటాబేస్‌లో పన్ను రేటు 0.18 అని ఉంటే 18% వస్తుంది, 18 అని ఉంటే 1800% వస్తుంది. అలాగే డాట్‌నెట్‌లో, ఎక్సెల్‌లో అంకెల స్థానాలన్నీ అయ్యాక కామా పెడితే విలువ వెయ్యితో భాగించబడుతుంది, రెండు పెడితే మిలియన్‌తో. లక్షతో గానీ కోటితో గానీ భాగించే గుర్తు మాత్రం ఈ రెండింటిలోనూ లేదు. నివేదిక పైన ‘రూపాయలు లక్షల్లో’ అని రాసే మన అలవాటుకు మాస్క్ తోడు రాదు కాబట్టి భాగహారం ముందే చేసి ఇవ్వాలి.

రుణ సంఖ్యలకు సెమికోలన్ తరువాత రెండో మాస్క్ రాసే సౌకర్యం చాలా భాషల్లో ఉంది. లెక్కల శాఖలవారు ఇష్టపడే బ్రాకెట్ రూపం అలాగే వస్తుంది. డాట్‌నెట్, ఎక్సెల్ ఆ రెండో భాగాన్ని పూర్తి మాస్క్‌గా చదువుతాయి. జావా దానిలోని ముందు వెనుకల గుర్తులను మాత్రమే తీసుకుని, అంకెల అమరికను మొదటి భాగం నుంచే తెచ్చుకుంటుంది.

మాస్క్ వేసిన రూపాన్ని తిరిగి సంఖ్యగా చదవబోయినప్పుడు జరిగే నష్టం వీటన్నిటికంటే ఘోరమైనది. జావాస్క్రిప్ట్‌లోని పార్స్‌ఫ్లోట్ అంకెలు ఆగినచోట చదవడం ఆపేస్తుంది. దానికి 12,34,567 ఇస్తే 12 వస్తుంది. 1,00,75,00,000 ఇస్తే 1 వస్తుంది. ఎకరానికి ఒక్క రూపాయి! తప్పు జరిగిందన్న సందేశం కూడా రాదు. కామాలతో విడగొట్టే సీఎస్‌వీ ఫైల్‌లో కోట్ గుర్తులు లేకుండా ఇదే సంఖ్యను రాస్తే అది ఐదు గడులుగా చీలిపోయి, ఆ వరుసలో తరువాతి సమాచారమంతా నాలుగు గడులు పక్కకు జరుగుతుంది. తెరమీద చూపించే క్షణం వరకు సంఖ్యను సంఖ్యగానే ఉంచి, చిట్టచివరి మెట్టు మీద మాత్రమే మాస్క్ తగిలించే కోడ్‌లో ఈ బాధ రాదు.

తెలుగు అంకెల గురించి ఒక మాట. తెలుగు లొకేల్ ఇస్తే జావాస్క్రిప్ట్ మామూలు అంకెలనే వాడుతుంది, ఎందుకంటే పత్రికల నుంచి బస్సు నంబర్ల దాకా వాడుకలో ఉన్నవి అవే. కోరి అడిగితే ౧౨,౩౪,౫౬౭ అని కూడా ఇస్తుంది. అలా ఇచ్చినదాన్ని వెనక్కి చదవడంలో మళ్లీ భాషకో తీరు: పైథాన్ ౧౨౩ని నూట ఇరవై మూడుగా గుర్తుపడుతుంది, జావా కూడా గుర్తుపడుతుంది, జావాస్క్రిప్ట్ గుర్తుపట్టదు. యూనికోడ్‌లో మామూలు తెలుగు అంకెలతోపాటు పాత లెక్కల పుస్తకాల్లోని భిన్నాల గుర్తులు కూడా 2008లో చేరాయి. ఆ భిన్నాలు పదితో కాదు, నాలుగుతో నడిచేవి. వాటిలో ఒక సున్న పేరు ‘హళ్లి’. ‘హళ్లికి హళ్లి, సున్నకు సున్న’ అన్న మాటలో ఇప్పటికీ వినపడేది అదే. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలుగా నడిచిన లెక్కకూ, అంతకు ముందు నిజాం రాజ్యంలో చెల్లిన హాలీ సిక్కా పద్దులకూ ఈనాటి దశాంశ మాస్కుల్లో ఏదీ సరిపోదు. పాత దస్తావేజులను కంప్యూటర్‌కెక్కించేవారు మూడు భాగాలనూ మూడు పూర్ణాంకాలుగా విడివిడిగా ఉంచుకోవాలి.

చివరిగా, ఎక్సెల్ ఇచ్చిన 100,75,00,000 దగ్గరకు తిరిగి వెళ్లాలి. ఐసీయూ ఇచ్చే 1,00,75,00,000 నియమం ప్రకారం నిక్కచ్చిగా ఉంది. కానీ నోటితో చదివి చూస్తే తేడా తెలుస్తుంది. కోటి దాటాక మన వాడుకలో కొత్త పేర్లు లేవు. అర్బుదం, ఖర్వం లాంటి సంస్కృత నామాలు ఖజానా కాగితాల్లో కనపడవు. వంద కోట్లు, వెయ్యి కోట్లు, లక్ష కోట్లు అంటాం. అంటే కోటి దగ్గర లెక్క మళ్లీ మొదటికి వచ్చి, కోట్ల సంఖ్యే ఒక కొత్త సంఖ్యలా మూడు, రెండు గుంపులతో నడుస్తుంది. 2024-25 తెలంగాణ బడ్జెట్ 2,91,159 కోట్ల రూపాయలు. దాన్నే పూర్తి అంకెల్లో లక్షల పద్ధతి మాస్క్‌తో రాస్తే ఇలా వస్తుంది:

29,11,59,00,00,000

ఇందులో 2,91,159 ఎక్కడుందో కన్ను పట్టుకోలేదు. అంకెలన్నీ ఉన్నాయి గానీ కామాలు వేరేచోట్లకు జరిగాయి. ఇరవై తొమ్మిదితో మొదలైన ఆ వరుసను ‘రెండు లక్షల తొంభై ఒక్క వేల నూట యాభై తొమ్మిది కోట్లు’ అని చదవాలంటే కామాలను మనసులో చెరిపేసి మళ్లీ పెట్టుకోవాలి. మాట తీరును అనుసరించే రూపం 2,91,159,00,00,000. ‘మూడు, రెండు, రెండు, మళ్లీ మూడు, రెండు’ అని చెప్పగలిగే మాస్క్ ఐసీయూలో లేదు, జావాలో లేదు. స్థానంగా కామాను చూసే ఒరాకిల్ లాంటివాటిలో మాత్రం 99,99,999,99,99,999 అని రాసి దాన్ని సాధించవచ్చు. పాతకాలపు మొరటు పద్ధతి కొత్తవాటికి అందని పనిని చేసిపెట్టే చోటు ఇదొక్కటే.

మిగతా భాషల్లో సంఖ్యను కోటితో భాగించి, వచ్చిన భాగఫలాన్ని ఒక మాస్క్‌తోనూ, శేషాన్ని ఇంకో మాస్క్‌తోనూ విడిగా రాసి కలపాలి. శేషానికి ఏడు స్థానాలూ సున్నలతో సహా అచ్చవ్వాలి, అంటే దాని మాస్క్‌లో # ఉండకూడదు, అన్నీ 0లే ఉండాలి. లేకపోతే వంద కోట్ల ఐదు వేలు 100,5,000 అయి కూర్చుంటుంది. కోట్లు అన్న మాటనే వాడదలచుకుంటే దాన్ని మాస్క్ చివర తగిలించడం కూడా సరిపోదు. తెలుగులో ఒకటైతే కోటి, ఎక్కువైతే కోట్లు, పక్కన రూపాయలు అన్న మాట వస్తే కోట్ల. యూనికోడ్ వారి లొకేల్ సమాచారంలో తెలుగుకు ఏకవచనం, బహువచనం అన్న రెండు తరగతులు ఉన్నాయి కాబట్టి మొదటి రెండు రూపాల మధ్య ఎంపికను లైబ్రరీకి అప్పగించవచ్చు. ‘100.75 కోట్ల రూపాయలు’లోని మూడో రూపాన్ని మాత్రం అనువాద ఫైల్‌లో పూర్తి వాక్యంగా, సంఖ్య వచ్చేచోటు ఖాళీగా ఉంచి, తెలుగు తెలిసినవారే రాసిపెట్టాలి.